ఫ్లోరైడ్ మరకకు క్యాపు మొదటి జవాబు కాకూడదు

నల్గొండ జిల్లాలో పంటి వైద్యం చేసే వాళ్లెవరికైనా బాగా పరిచయమైన కోరిక ఒకటి ఉంది. "సార్, ఈ ముందు పండ్లకు క్యాపులు ఏసెయ్యుండ్రి, ఇగ మరక కనవడొద్దు" అని అడుగుతారు. అడిగేవాళ్లలో ఎక్కువమంది ఇరవై, ఇరవై అయిదేళ్ల వయసువాళ్లు. వాళ్ల పళ్లు పుచ్చిపోలేదు, కదలడం లేదు, నొప్పి పెట్టడం లేదు. రంగు ఒక్కటే వాళ్ల బాధ. అది చిన్న బాధ అని నేను ఎన్నడూ అనుకోలేదు. నవ్వు వచ్చినప్పుడల్లా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోవడం బడిలోనే అలవాటైన పిల్లలను, ఇంటర్వ్యూలో పెదవులు విప్పకుండా మాట్లాడే యువకులను చూస్తూనే ఉన్నాను. అయితే ఆ బాధకు మా వృత్తిలో చాలామంది తొందరపడి ఇస్తున్న జవాబు సరైనది కాదని, ఆరోగ్యంగా ఉన్న పంటిని రంగు కోసం చుట్టూ అరగదీసి క్యాపు తొడగడం చివరి మార్గంగా మాత్రమే ఉండాలని నా అభిప్రాయం. దానికి కారణాలు మరక స్వభావంలోనే, దాన్ని కప్పడానికి మా చేతిలో ఉన్న పదార్థాల స్వభావంలోనే ఉన్నాయి.

ఈ మరక మనకు కొత్తది కాదు. అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ (నీటి ద్వారా ఫ్లోరైడ్ మోతాదు మించి ఒంట్లో చేరడం వల్ల వచ్చే జబ్బు) ఉన్నదని 1937లో షార్ట్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధనతో భారతదేశంలో ఈ జబ్బు వైద్య పత్రికలకెక్కింది. నల్గొండ గురించి 1955లో సిద్దిఖీ రాసిన వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. తమ నీటి గోసను దేశం గమనించాలని 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానం నుంచి 480 మంది పోటీలో నిలిచిన సంగతి మా జిల్లాలో పెద్దవాళ్లందరికీ జ్ఞాపకమే. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే నీటి వనరు లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చని భారత ప్రమాణాల సంస్థ చెబుతుంది. గ్రానైటు రాళ్ల పొరల్లోంచి తోడిన మా బోరు నీళ్లలో అనేకచోట్ల ఆ హద్దు దాటిపోయింది.

2016లో మొదలైన మిషన్ భగీరథ ద్వారా కృష్ణా నీళ్లు ఊళ్లకు వచ్చాయి, సంతోషం. కానీ నీళ్లు మారినంత మాత్రాన అప్పటికే తయారైన పంటి మీది మరక పోదు. శాశ్వత ముందు పళ్ల మీది ఎనామిల్, అంటే పంటి గట్టి పైపొర, బిడ్డ పుట్టిన కొన్ని నెలల నుంచి సుమారు నాలుగైదేళ్ల వయసు వరకు దవడ ఎముక లోపలే తయారవుతుంది. ఆ కాలంలో శరీరంలోకి చేరిన అధిక ఫ్లోరైడ్, ఎనామిల్ గట్టిపడే దశలో అందులోని ప్రొటీన్లు పూర్తిగా తొలగిపోకుండా అడ్డుపడుతుంది. ఫలితంగా పైపొర గట్టిగానే ఉన్నా, దాని కింద సూక్ష్మమైన రంధ్రాలతో నిండిన పొర మిగిలిపోతుంది. కాబట్టి 2016కు ముందు బోరు నీళ్లతో పెరిగిన పిల్లలే ఇవాళ ఉద్యోగాలకూ పెళ్లిళ్లకూ సిద్ధమవుతున్న తరం. ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. పెద్దయ్యాక ఈ ఊళ్లకు వచ్చి స్థిరపడ్డవాళ్ల పళ్లకు ఈ మరక రాదు. సరిగా తోముకోకపోవడం వల్ల వచ్చిందని పిల్లలను తిట్టడం అన్యాయం.

ఆ రంధ్రాల పొరను అర్థం చేసుకుంటే వైద్యం సగం అర్థమైనట్టే. మంచి ఎనామిల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. కాంతిని ఎంత వంచుతుందో చెప్పే దాని వక్రీభవన గుణకం సుమారు 1.62. రంధ్రాల్లో నీరుంటే ఆ నీటి గుణకం 1.33, గాలి ఉంటే 1.0. కాంతి ఒక గుణకం నుంచి మరొక గుణకంలోకి అడుగుపెట్టిన ప్రతిచోటా చెదురుతుంది. అలా లెక్కలేనన్నిసార్లు చెదిరిన కాంతి మన కంటికి సున్నపు తెలుపుగా కనిపిస్తుంది. అందుకే పంటిని గాలితో ఆరబెడితే ఫ్లోరైడ్ మచ్చలు మరింత తెల్లగా తేలతాయి. గోధుమరంగు సంగతి వేరు. పళ్లు నోట్లోకి వచ్చేటప్పుడు గోధుమరంగుతో రావు, సున్నపు మచ్చలతో వస్తాయి; ఆ తర్వాత ఏళ్ల తరబడి తిండిలోని, పానీయాల్లోని రంగులు ఆ రంధ్రాల్లోకి ఇంకి గోధుమ మరకగా మారతాయి. అంటే నల్గొండ పంటి మీద కనిపించే రంగులో పెద్ద భాగం ఎనామిల్ పైభాగంలోనే ఉంటుంది. పంటి లోపల, ఎనామిల్ కింద ఉండే డెంటిన్ అనే పొరలో నిలిచిపోయే టెట్రాసైక్లిన్ మందు మరకతో దీన్ని కలిపి చూడకూడదు. లోపలి మరకకు వాడే ఆయుధాన్ని పైమరక మీద ప్రయోగించడమే క్యాపు.

ఇప్పుడు కప్పే పదార్థాల దగ్గరికి వద్దాం. ఇక్కడ కొంచెం నిదానంగా నడవాలి, ఎందుకంటే రోగికి అమ్మే మాట ఒకటి, పదార్థం చేయగల పని మరొకటి. సహజమైన పన్ను తెల్లటి వస్తువు కాదు. ఎనామిల్ అర్ధపారదర్శకం; దాని వెనుక నుంచి డెంటిన్ పసుపు రంగు వెచ్చగా కనిపిస్తుంది; కొరికే అంచు దగ్గర డెంటిన్ లేకపోవడం వల్ల కొంచెం నీలి, బూడిద ఛాయలు తోస్తాయి. చూసేవాళ్లకు పన్ను ప్రాణమున్నట్టు అనిపించేది ఈ లోతు వల్లే. మరకను కప్పాలంటే మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకమైన గుణం కావాలి: కాంతిని లోపలికి పోనివ్వని గుణం. పంటి రంగులో ఉండి, ప్లాస్టిక్ లాంటి రెజిన్‌తో చేసిన ముద్దలను కాంపోజిట్లు అంటారు. వాటిలో ఒపేకర్ అని మేము పిలిచే రకంలో టైటానియం డయాక్సైడ్ వంటి రంగుపొడులు కలుపుతారు. దాని వక్రీభవన గుణకం 2.5కు పైమాటే కాబట్టి కాంతిని బలంగా వెనక్కి తిప్పికొడుతుంది, మరక కనిపించదు. కానీ ఆ పొర ఒక్కటే పైకి కనిపిస్తే పన్ను గోడకు వేసిన రంగులా నిర్జీవంగా ఉంటుంది. దానిమీద మళ్లీ డెంటిన్ ఛాయ ఉన్న పొర, ఆ పైన ఎనామిల్‌లా మెరిసే పొర వెయ్యాలి. ప్రతి పొరకూ మందం కావాలి. ఆ మందం రావడానికి రెండే దారులు: పన్నును ముందుకు లావుగా చెయ్యడం, లేదా పంటిని లోపలికి చెక్కడం.

వివాదమంతా ఈ మందం దగ్గరే ఉంది. ముందు పళ్లకు పెదవి వైపు ఎనామిల్ కొరికే అంచు దగ్గర మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉండి, చిగురు దగ్గరికి వచ్చేసరికి అరమిల్లీమీటరుకు పడిపోతుంది. మరక ముదిరేకొద్దీ దాన్ని కప్పే పొర మందం పెరగాలి; మందం పెరిగేకొద్దీ ఎనామిల్ తరిగిపోయి డెంటిన్ బయటపడుతుంది. 1955లో బ్యూనోకోర్ ఆమ్లంతో ఎనామిల్‌ను గరుకు చేసి రెజిన్‌ను అతికించవచ్చని చూపించినప్పటి నుంచి పంటి మీద అతికే వైద్యమంతా ఎనామిల్ మీదే ఆధారపడి నిలబడింది. డెంటిన్‌కూ అతుకుతుంది, కానీ అంత నమ్మకంగా, అంతకాలం నిలిచేలా అతకదు. మరకను కప్పాలన్న ఆత్రంలో మనం తీసేసేది, ఆ కప్పును పట్టి ఉంచే పొరనే.

క్యాపు విషయంలో ఈ నష్టం ఎంతన్నది కొలిచి చూసినవాళ్లున్నారు. ఎడెల్‌హాఫ్, సోరెన్‌సెన్ 2002లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ముందు పంటికి పూర్తి క్యాపు వెయ్యడానికి చిగురు పైన కనిపించే పంటి భాగంలో 63 నుంచి 72 శాతం పోతుంది. పంటి ముందువైపు అతికించే పలుచటి పలకలైన వెనీర్ల వంటివాటికి పోయేది 3 నుంచి 30 శాతం. రంగు తప్ప ఏ లోపమూ లేని పంటిలో మూడింట రెండు వంతులు తీసేసి, మిగిలిన మొలక మీద పింగాణీ తొడిగి పంపడాన్ని వైద్యం అని పిలవడానికి నాకు మనస్కరించదు. ఇరవై ఏళ్ల వయసులో పంటి నరం ఉండే గది విశాలంగా ఉంటుంది. చుట్టూ మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర అరగదీస్తే నరానికి దగ్గరగా వెళ్లినట్టే. కొన్ని పళ్లకు ఆ తర్వాత రూట్ కెనాల్ చెయ్యాల్సి వస్తుంది, అది చేసిన పన్ను మరింత బలహీనపడుతుంది. ఎక్కడో ముందు ఆరు పళ్లకూ లోహం మీద పింగాణీ పూసిన క్యాపులు వేయించుకుని, కొన్నేళ్లకే చిగురు జరిగి అంచున నల్లటి గీత కనబడుతోందని వచ్చిన ఒక అమ్మాయిని చూశాను. గోధుమ మరక కప్పించుకోవడానికి వెళ్లిన ఆమెకు చివరికి నల్ల గీత మిగిలింది. ఆ క్యాపుల కింద ఆమె పాత పళ్లు లేవు కాబట్టి వెనక్కి తిరిగే దారీ లేదు. క్యాపు జీవితకాలం ఉండదు. ఇరవై ఏళ్ల మనిషికి ఒకసారి క్యాపు వేస్తే, ఆ మనిషి బతికున్నన్నాళ్లూ దాన్ని మళ్లీ మళ్లీ మారుస్తూనే ఉండాలి, మార్చిన ప్రతిసారీ ఇంకాస్త పన్ను పోతుంది.

మరైతే ఏం చెయ్యాలి? నా దృష్టిలో మరకను కప్పే పని మొదలుపెట్టే ముందు మరకను పలచబరచాలి. కప్పవలసిన రంగు ఎంత తగ్గితే, కప్పే పొర అంత పలుచగా సరిపోతుంది. కొందరికి కప్పవలసిన అవసరమే పోతుంది. వినడానికి ఇది సాధారణమైన మాటే, కానీ చాలా కుర్చీల దగ్గర ఈ క్రమం తిరగబడుతోంది.

గోధుమ మరకకు మొదట మైక్రో అబ్రేషన్ చేసి చూడాలి. హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని, సన్నటి రాపిడి పొడిని కలిపిన ముద్దతో ఎనామిల్ పైపొరను రుద్దే పద్ధతి ఇది. 1986లో క్రోల్, కావనా దీన్ని 18 శాతం ఆమ్లంతో వివరించారు. ఇప్పుడు దొరికే ఒక తయారీలో ఆమ్లం 6.6 శాతమే, దానికి సిలికాన్ కార్బైడ్ పొడి కలుస్తుంది. చిగుళ్లకు రబ్బరు తెర కట్టి, కళ్లకు అద్దాలు పెట్టి, తక్కువ వేగంతో కొద్దికొద్దిగా రుద్దాలి. పోయే ఎనామిల్ మందం మిల్లీమీటరులో పదో వంతు ప్రాంతంలోనే ఉంటుంది. మా ప్రాంతపు గోధుమ మరకల్లో చాలావాటికి ఈ ఒక్క మెట్టుతోనే వచ్చే మార్పు చూసి రోగులు అద్దం వదలరు. ఇంత సులువైన మార్గాన్ని చాలామందికి చూపించకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. దీనిలో ల్యాబు ఖర్చు లేదు, రోగికి సూది పొడవాల్సిన పని లేదు.

తర్వాతి మెట్టు బ్లీచింగ్, అంటే మందుతో పంటిని తెల్లబరచడం. 1989లో హేవుడ్, హేమన్ ప్రకటించిన రాత్రి ట్రే పద్ధతిలో, పళ్లకు తొడుక్కునే పలుచటి తొడుగులో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ నింపి వాడతారు. అందులోంచి విడుదలయ్యే హైడ్రోజన్ పెరాక్సైడ్ సుమారు 3.5 శాతానికి సమానం. బ్లీచింగ్ తెల్ల మచ్చను తీసెయ్యదు. మొదటి రోజుల్లో దాన్ని మరింత తెల్లగా చూపించవచ్చు కూడా, ఆ సంగతి రోగికి ముందే చెప్పకపోతే బెదిరిపోతాడు. అయితే మచ్చ చుట్టూ ఉన్న పన్ను తెల్లబడేకొద్దీ మచ్చకూ పంటికీ మధ్య తేడా తగ్గుతుంది, చూసేవాళ్ల కన్ను మచ్చ దగ్గర ఆగదు. ఇది చేశాక రెండు వారాలైనా ఆగి ఆ తర్వాతే కాంపోజిట్ అతికించాలి, ఎందుకంటే పంటిలో మిగిలిన ఆక్సిజన్ రెజిన్ గట్టిపడడానికి అడ్డుపడుతుంది. పంటి రంగు స్థిరపడడానికీ ఆ వ్యవధి అవసరమే.

తెల్ల మచ్చలు మాత్రమే మిగిలినవాళ్లకు రెజిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ ఉంది. నూనె పడిన కాగితం పారదర్శకమైనట్టే, రంధ్రాల్లోని గాలినీ నీటినీ తీసేసి వాటి స్థానంలో పలచటి రెజిన్‌ను నింపితే మచ్చ చుట్టుపక్కల ఎనామిల్‌లో కలిసిపోతుంది. ఆ రెజిన్ గుణకం సుమారు 1.52, అంటే ఎనామిల్ 1.62కు గాలి కన్నా, నీటి కన్నా ఎంతో దగ్గర. ముందుగా 15 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో గట్టి పైపొరను తెరవాలి, తర్వాత ఆల్కహాల్‌తో ఆరబెట్టాలి. ఆల్కహాల్ తడి మీద ఉన్నప్పుడు మచ్చ ఎంత మాయమవుతుందో చూస్తే రెజిన్ పోశాక ఎలా ఉంటుందో దాదాపుగా తెలిసిపోతుంది. ఆ క్షణంలో రోగి చేతికి అద్దం ఇచ్చి చూపించడం నాకు ఇష్టమైన పని. లోతైన మచ్చల మీద ఇది పూర్తిగా పనిచెయ్యదు. పలుచటి, మధ్యస్థమైన మచ్చల మీద మాత్రం ఏ ఒపేకర్ కన్నా సహజంగా ఉంటుంది, ఎందుకంటే ఇక్కడ కప్పడం అనేదే లేదు, పంటి కాంతి గుణాన్నే సరిచేస్తున్నాం.

ఈ మెట్లన్నీ ఎక్కాక కూడా మిగిలిన మరకకే కాంపోజిట్ కావాలి. నల్గొండ పంటి మీద దీన్ని వెయ్యడంలో కొన్ని ప్రత్యేకమైన జాగ్రత్తలున్నాయి. ఫ్లోరైడ్ ఎక్కువగా చేరిన పైపొర ఆమ్లానికి తేలిగ్గా లొంగదు, అందువల్ల మామూలు పంటికి చేసినంతసేపే ఆమ్లం పెట్టి కడిగేస్తే అతుకు చాలదు. పైపొరను కొద్దిగా గరుకు చేసి, ఆమ్లాన్ని ఎక్కువసేపు ఉంచాలి. రంగు ఎంపికను పంటిని ఆరబెట్టక ముందే, పగటి వెలుతురులో ముగించాలి. నోరు తెరిచి ఉంచిన కొద్ది నిమిషాలకే పన్ను ఆరిపోయి తెల్లబడుతుంది. అప్పుడు ఎంచిన ఛాయ మర్నాటికి పంటితో కలవదు. పంటి ఛాయలు పోల్చుకునే షేడ్ గైడ్‌లోని 16 పలకల్లో అన్నిటికన్నా తెల్లటిదాన్ని చూపించి ఇదే కావాలనే వారితో ఓపికగా మాట్లాడాలి, ఎందుకంటే చామనచాయ ముఖంలో అతి తెల్లటి పన్ను దూరం నుంచే పెట్టుడు పన్నులా కనిపిస్తుంది. ఇంకొకటి, ఒపేకర్‌ను మరక ఉన్నచోట మాత్రమే, సాధ్యమైనంత పలుచగా వెయ్యాలి. పంటి మొత్తానికి పూసేవాళ్ల పనిని ఎదురుగా కూర్చున్న ఎవరైనా గుర్తుపట్టగలరు.

కాంపోజిట్ మీద వచ్చే ప్రధానమైన అభ్యంతరం అది కూడా రంగు మారుతుందని. మారుతుంది. టీ, కాఫీల సంగతి అలా ఉంచితే, పసుపులోని కర్కుమిన్ రెజిన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. పప్పులోనూ పులుసులోనూ పసుపు వేసుకునే మనం దీన్ని తేలిగ్గా తీసుకోలేం. కానీ రంగు మారిన కాంపోజిట్‌ను మళ్లీ పాలిష్ చెయ్యవచ్చు, పైపొరను మాత్రం తీసి కొత్తది వెయ్యవచ్చు, ముక్క ఊడితే ఆ ముక్కనే అతికించవచ్చు. కింద ఉన్న పన్ను చెక్కుచెదరకుండా ఉంటుంది. పింగాణీకి రంగు పట్టదు, నిజమే. ఆ ఒక్క గుణం కోసం ఆరోగ్యకరమైన పంటిని బలిపెట్టాలా అన్నదే నా ప్రశ్న.

పింగాణీ వెనీర్లకు నేను వ్యతిరేకిని కాను. 1930ల ప్రాంతంలో చార్లెస్ పింకస్ అనే వైద్యుడు హాలీవుడ్ నటులకు షూటింగు సమయానికి మాత్రం పంటి మీద పలుచటి పలకలు తాత్కాలికంగా అంటించేవాడు. 1980ల్లో పింగాణీ లోపలి వైపును హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో గరుకు చేసి రెజిన్‌తో అతికించే పద్ధతి వచ్చాకే అవి శాశ్వత వైద్యంగా నిలబడ్డాయి. గుంటలు పడి, అంచులు విరిగిన తీవ్రమైన ఫ్లోరోసిస్‌కు అవి మంచి ఎంపిక. కానీ అర మిల్లీమీటరు మందం ఉన్న పారదర్శకమైన పింగాణీ ముదురు గోధుమ రంగును కప్పలేదు. మరక కింది నుంచి బూడిదగా తొంగిచూస్తుంది. మరకను ముందుగా తగ్గించకుండా వెనీర్ వెయ్యబోతే, కప్పడం కోసం మందం పెంచాలి, అంటే మళ్లీ చెక్కాలి. మరక తగ్గించే మెట్లు వెనీర్ వేయించుకునేవాళ్లకూ తప్పవని అందుకే అంటున్నాను. జిర్కోనియా అనే గట్టి సిరామిక్ వంటి, కాంతిని ఎక్కువగా ఆపే పదార్థంతో మందం సమస్య కొంత తగ్గినా, అది సిలికా లేని పదార్థం కావడం వల్ల మామూలు పింగాణీలా ఆమ్లంతో గరుకు చేసి అతికించడం కుదరదు.

దెబ్బ తగిలి నరం చచ్చి నల్లబడిన ఒంటి పంటి విషయంలోనూ ఇదే మాట చెల్లుతుంది. లోపల మిగిలిన రక్తపు రంగు వల్ల వచ్చే నలుపు అది. రూట్ కెనాల్ చేసిన తర్వాత లోపలి నుంచి బ్లీచింగ్ చేస్తే చాలా పళ్లు పక్క పళ్ల ఛాయకు వస్తాయి. ఆ ప్రయత్నమే చెయ్యకుండా నేరుగా క్యాపుకు పోతే, నల్లటి మొలక మీది క్యాపు చిగురు అంచులోంచి నీలంగా కనిపిస్తూ ఆ మనిషిని బాధపెడుతూనే ఉంటుంది.

నా వాదనకు ఎదురు చెప్పేవాళ్ల మాటల్లో న్యాయం లేకపోలేదు. మర్రిగూడ, మునుగోడు వైపు పల్లెల నుంచి కూలి మానుకుని, బస్సు మారి వచ్చే మనిషి నాలుగైదుసార్లు తిరగలేడు. "పిల్లకు సంబంధాలు చూస్తున్నం సార్, వచ్చే నెలకల్లా అయిపోవాలె" అని తల్లి బతిమాలితే ఏ వైద్యుడికైనా మనసు కరుగుతుంది. క్యాపులు రెండు మూడు సిట్టింగుల్లో అయిపోతాయి, ఫలితం ఖాయంగా ఉంటుంది, వైద్యుడికి రాబడీ ఎక్కువే. కానీ మైక్రో అబ్రేషన్‌కు ఒక్క రోజు చాలు. ఇంట్లో రాత్రి పూట పెట్టుకునే ట్రేకు ఆసుపత్రికి తిరగనక్కర్లేదు. అన్నిటికీ సమయం లేకపోతే, ఒక్క రోజులో మరకను రుద్ది, మిగిలినచోట పలుచటి కాంపోజిట్ వేసి పెళ్లిచూపులకు పంపవచ్చు. తీరిక దొరికాక మిగిలింది చూసుకోవచ్చు. క్యాపు వేశాక అలా వెనక్కి వచ్చే వీలు ఉండదు. తొందరలో ఉన్నవాళ్లకే వెనక్కి తిరగగలిగే వైద్యం ఎక్కువ అవసరం.

క్యాపు అసలు వద్దనడం లేదు. ఎనామిల్ పెద్ద ముక్కలుగా రాలిపోయి పంటి ఆకారమే చెడినవాళ్లు, పాత ఫిల్లింగులతో పన్ను సగం పోయినవాళ్లు ఉన్నారు. వాళ్లకు క్యాపు బలాన్నిస్తుంది. ఆ నిర్ణయం పంటి బలాన్ని చూసి తీసుకోవాలి, రంగును చూసి కాదు.

మరక గురించి వైద్యుడి దగ్గరికి వెళ్లేవాళ్లు కుర్చీ ఎక్కకముందే కొన్ని సంగతులు అడగాలి. ఈ మరక పైపొరలో ఉందా, లోపల ఉందా? పన్నును చెక్కకుండా ముందు ఏం చేసి చూడవచ్చు? చెక్కవలసి వస్తే ఎన్ని మిల్లీమీటర్లు, ఏ వైపు? ఆమ్లం పెట్టకుండా, అతికించకుండా పంటి మీద కాంపోజిట్ ఆనించి ఫలితం ఎలా ఉంటుందో ముందే చూపించగలరా? చివరిదానికి పది నిమిషాలు చాలు, నచ్చకపోతే గోటితో తీసెయ్యవచ్చు. మొదలుపెట్టే ముందు పగటి వెలుతురులో తీసిన పళ్ల ఫోటో ఒకటి మీ ఫోన్‌లోనూ దాచుకోండి. ప్రతి మెట్టు తర్వాత దానితో పోల్చి చూసుకుని, ఇంకొక మెట్టు అవసరమా, ఇక్కడికి చాలా అన్నది మీరే నిర్ణయించుకోండి.